మూడో మలుపు

మెకానిక్ మేస్త్రి తన షెడ్డులో బామ్మర్ది మినీ ట్రక్కు కింద వెల్లకిలా పడుకుని పాత పంపు చివరి బోల్టును వేళ్లతో తిప్పుతున్నాడు. బోల్టు వదులయ్యాక పానా వాడటం ఆయనకు ఇష్టం ఉండదు. మర దారి తప్పితే వేలికి తెలుస్తుంది, ఇనుముకు తెలియదు. డీజిల్ చుక్క ఒకటి మోచేతి మీదుగా చంకలోకి జారింది. పట్టించుకోలేదు. సగం జీవితం ఆ చుక్కలతోనే గడిచింది.

పంపు ఊడి ఛాతీ మీద పడింది. పిడికిలంత ఉంటుంది. ట్యాంకులోంచి డీజిల్ లాగి ఇంజనుకు అందించడమే దాని పని. పోయిన వారం కొండ దారి మూడో మలుపులో అది ఆ పని మానేసింది. ఇంజను ఆగింది. బండి వెనక్కి జారింది. వెనక చక్రం పిట్టగోడకు తగిలి ఆగబట్టి బామ్మర్ది ఈ రోజు షెడ్డు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వింత ఏమిటంటే, కాసేపాగి తాళం తిప్పితే బండి ఏమీ ఎరగనట్టు స్టార్టయింది.

మేస్త్రి పంపును అతని వైపు దొర్లించాడు. "లోపలి పొర చిరిగింది చూడు."

"అంటే నా తప్పు లేనట్టేగా బావా?"

"నీ తప్పు లేని రోజు ఏదైనా ఉందా?"

"అక్కని అడుగు, చెప్తుంది."

"మీ అక్కా? నువ్వు వెళ్లి గోడని గుద్దినా గోడదే తప్పంటుంది."

బామ్మర్ది నవ్వాడు. అక్క పెళ్లినాడు ఆమె కొంగు పట్టుకుని వచ్చినవాడు, ఇక్కడే ఉండిపోయాడు. పాలపళ్లు ఈ షెడ్డులోనే ఊడాయి. మేస్త్రికి పిల్లలు లేరు. ఆ మాట ఎవరూ ఎత్తరు, ఎందుకంటే ఆ ఇల్లు ఎప్పుడూ ఖాళీగా లేదు. ఇప్పుడు బామ్మర్దికి పెళ్లయింది, పాప పుట్టింది. కొండ అవతల ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో బండితో సహా పని దొరికింది. ఈ సాయంత్రమే ప్రయాణం. పాపను చూసుకోవడానికి మేస్త్రి భార్య కూడా కొన్నాళ్లు వెళుతోంది.

అంటే మేస్త్రికి ఈ లోకంలో ఉన్నవాళ్లంతా ఆ ఒక్క క్యాబిన్‌లో కూర్చుని మూడో మలుపు ఎక్కాలి.

పంపు కుదరలేదని ఒక్క మాట అంటే ప్రయాణం ఆగిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, కొత్త పంపు పెట్టె విప్పాడు.

ఇది కరెంటు పంపు, పాతదానికంటే బలమైంది. ఇంజను పక్కన కాదు, ట్యాంకు పక్కనే ఛాసిస్‌కు బిగించాలి. పాత పంపు ఉన్నచోట రేకు మూత వేశాడు. సన్న గొట్టం తీసి లావు గొట్టం పెట్టాడు. వైరు రాపిడికి తెగకుండా తొడుగు వేసి, లాగి చూసి, మళ్లీ లాగి చూశాడు.

భార్య టీ తెచ్చింది, వెంట చక్కెర డబ్బా. మూత తీస్తే పక్‌మంది. ఆమె డబ్బాలన్నింటికీ మూత కింద సైకిల్ ట్యూబు ముక్క గుండ్రంగా కత్తిరించి పెడుతుంది. ఆ ఇంట్లో చీమలకు కడుపు నిండే ఆశ లేదు.

"అవుతుందా?" అంది.

"అవుతుంది."

"నిజంగానా, నా కోసమా?"

"టీ చల్లారుతోంది," అన్నాడు.

ఫిల్టరు మీది మర వదులు చేసి లోపలి గాలంతా తీశాడు. బామ్మర్దిని స్టార్ట్ చేసి యాక్సిలరేటరు తొక్కిపట్టమన్నాడు. తను మళ్లీ కిందికి దూరి, పొడవాటి స్క్రూడ్రైవరు కొనను పంపు మీద ఆనించి, పిడిని కుడి చెవికి పెట్టుకున్నాడు. ఎడమ చెవిని ఎప్పుడో ఇంజన్లకే ఇచ్చేశాడు.

పంపు తుమ్మెదలా పాడుతోంది. కాసేపు అలాగే పాడింది. తర్వాత ఆ పాట బరువెక్కింది. బస్తా మోస్తూ మెట్లెక్కే మనిషిలా మూలగడం మొదలుపెట్టింది.

టప్.

కళ్ల ముందే ట్యాంకు రేకు లోపలికి సొట్టపోయింది. ఇంజను తడబడి ఆగిపోయింది.

"బావా, కొత్తది కూడా పోయిందా?"

మేస్త్రి బయటికి వచ్చి ట్యాంకు మూత పట్టుకున్నాడు. అది రాలేదు. రెండు చేతులతో బలంగా తిప్పాడు. హుస్సుమని గాలి లోపలికి దూసుకుపోయింది. రేకు టప్పున మామూలైంది. మూత తిరగేశాడు.

నల్ల రబ్బరు చుట్టు. సైకిల్ ట్యూబు. కత్తెర మలుపు తిరిగిన ప్రతిచోటా చిన్న గాటు.

ఆ కత్తెర ఎవరిదో ఆయనకు చెప్పక్కర్లేదు.

"అది నేనే పెట్టాను," అంది భార్య. "అమ్మాయి నెల తప్పిన కొత్తల్లో. బండెక్కితే చాలు, డీజిల్ వాసనకి వాంతులు. మూత దగ్గర చిందుతోందని..."

గుమ్మంలో పాపను భుజాన వేసుకున్న బామ్మర్ది భార్య అందుకుంది. "నిజం అన్నయ్యగారూ. వదిన అది పెట్టాకే నేను క్యాబిన్‌లో కూర్చోగలిగాను."

"డీజిల్ బయటికి పోయేకొద్దీ గాలి లోపలికి రావాలి," అన్నాడు మేస్త్రి. "మూతకి బెజ్జం అందుకే. ఇది దాన్ని మూసేసింది. ఊళ్లో దగ్గర తిరుగుళ్లకి తెలియలేదు. కొండెక్కేసరికి పాత పంపు లాగీ లాగీ చిరిగింది. కాసేపాగాక సందుల్లోంచి కాస్త గాలి చేరబట్టే మళ్లీ స్టార్టయింది."

భార్య బండి వెనక చక్రం వైపు చూసింది. రాయి ఒరుసుకున్న గీత ఇంకా తెల్లగా ఉంది.

మేస్త్రికి మాత్రం వేరే లెక్క నడుస్తోంది. ఇందాక ఇంజను వేడెక్కకుండానే ఆపేసి, బాగుంది వెళ్లిరండి అని ఉంటే? కొత్త పంపుతో, పాపతో, అదే మలుపు. మూతలోంచి ఆ రబ్బరు చుట్టును గోరుతో పెరికేశాడు.

"నీ డబ్బాల్లోకి చీమ దూరదే, ఒప్పుకుంటాను," అన్నాడు మెల్లగా. "దీనికి మాత్రం ఊపిరాడాలి."

"విన్నావా అక్కా," అన్నాడు బామ్మర్ది. "ఈసారి తప్పు నాదీ కాదు, గోడదీ కాదు."

"నోర్ముయ్యరా," అని వాడి వీపు మీద ఒక్కటి వేసింది. వేసి, ఆ వీపునే పట్టుకుని నవ్వింది. కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వింది.

రబ్బరు లేని మూతతో ఇంజను మళ్లీ వేశారు. వేడెక్కింది, కాగింది, పంపు పాట మారలేదు. ట్యాంకు మీద మేస్త్రి అరచేయి పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. రేకు కదల్లేదు.

ఎండ పసుపుపచ్చగా వాలినప్పుడు సామాను ఎక్కించారు. భార్య కిటికీలోంచి తల బయటపెట్టింది.

"చక్కెర డబ్బా మూత గట్టిగా పెట్టండి. పాప కూర్చోవడం నేర్చుకోగానే వచ్చేస్తా."

"దాన్ని తొందరపెట్టకు."

బామ్మర్ది వైపు వంగాడు. "మూడో మలుపు దాటాక హారన్ కొట్టు."

"నీకు వినపడొద్దూ?"

"ముందు నువ్వు కొట్టరా."

బండి సందు తిరిగింది. దుమ్ము అణిగింది. మేస్త్రి షెడ్డు ముందు నిలబడి కుడి చెవిని కొండ వైపు తిప్పాడు. పక్క కొట్టువాడు ఏదో అడిగితే చేత్తో ఆగమన్నాడు. మొదటి మలుపు అయి ఉంటుంది. రెండోది.

దూరంగా, పైనుంచి, పొడవాటి హారన్. వెంటనే, బుల్లి చేయి పట్టుకుని నొక్కించినట్టు, ఇంకో పొట్టి హారన్.

భుజాలు వాటంతటవే కిందికి దిగాయి. బోర్లించిన డబ్బా మీద కూలబడి, పొద్దుటి చల్లారిన టీని గుటగుటా తాగేశాడు. అంత మంచి టీ ఈ మధ్య తాగలేదు.

తర్వాత లేచి పానాలు తుడిచి ఒక్కొక్కటే గోడ మేకులకు తగిలించాడు. వరుస చివర ఒక మేకు ఖాళీగా ఉంది. దానికి వేలాడుతోంది ఇప్పుడు, వంటింటి కత్తెర గాట్లతో, ఇంకా డీజిల్ తడి ఆరని నల్ల రబ్బరు చుట్టు.