అన్నిటికన్నా బరువైనది

ఆదివారం ఉదయం పదకొండు గంటలకు గుంటూరులోని ఒక షాపులో మాధవీలత పద్దెనిమిది అంగుళాల లాప్‌టాప్ కొన్నది. షాపులో ఉన్నవాటిలో అన్నిటికన్నా బరువైనది అదే. బిల్లు ఆమె పేరు మీద రాశారు. డబ్బు ఆమె ఖాతాలోంచి వెళ్లింది. చీరాలలోని ఒక చేనేత సొసైటీ వాళ్లు ఆమె చేత చీరల అంచులు గీయించుకుని వేసిన డబ్బు అది. పక్కన ఆమె భర్త వేణుగోపాల్ నిలబడి ఉన్నాడు. ఆయన చేతిలో పదమూడు అంగుళాలది ఒకటి ఇంకా ఉంది. పళ్లెం పట్టుకున్నట్టు ఒంటిచేత్తో పట్టుకున్నాడు.

వాళ్లది మంగళగిరి. వేణుగోపాల్‌కి చీరల కొట్టు ఉంది. ఊళ్లో మగ్గాల వాళ్లకు నూలు ఇచ్చి నేయిస్తాడు. ఆ చీరల అంచులు మాధవీలత గీస్తుంది. లాప్‌టాప్ తెర మీద గళ్ల కాగితం లాంటిది ఉంటుంది, ఒక్కో గడి ఒక్కో పోగు. ఆమె గళ్లు నింపితే, దాన్నిబట్టి జాకార్డ్ అట్టలకు చిల్లులు కొడతారు. ఆ అట్టలు మగ్గం మీద వేలాడదీస్తే ఏ పోగు లేవాలో, ఏది ఆగాలో అవే చూసుకుంటాయి. కొట్టుకు వచ్చినవాళ్ల ముందు చీర పరిచి వేణుగోపాల్ మా డిజైన్ అంటాడు. గీసిందెవరని వాళ్లు అడగలేదు, ఆయనా చెప్పలేదు.

పాత లాప్‌టాప్ కూడా పదమూడు అంగుళాలదే. పెళ్లిరోజుకి ఆయనే కొన్నాడు. కొనేముందు ఫోన్లో వీడియోలు చూసి, ఏది ఎంత బరువో, ఏది ఎంత పలచనో రోజూ భోజనాల దగ్గర చెప్పేవాడు. తెచ్చి ఆమె చేతిలో పెట్టి, "కిలో కూడా లేదు. వంటింటి గట్టు మీద కూడా పట్టుద్ది," అన్నాడు. ఆ మాట ఆ రోజు ఆమెకు ప్రేమలాగే వినిపించింది. అందులో అబద్ధం కూడా లేదు. మిక్సీకి, అన్నం కుక్కరుకి మధ్య అది సరిగ్గా పట్టింది.

అప్పటినుంచి అది ఆమెతోపాటే తిరిగింది. వంటింట్లో పోపు వేగుతుండగా ఆమె గళ్లు నింపింది. అత్త సామ్రాజ్యానికి మోకాలి ఆపరేషన్ అయినప్పుడు ఆస్పత్రి వరండాలో, ఒళ్లో పెట్టుకుని నింపింది. పొదిలిలో ఆడపడుచు ఇంటి గృహప్రవేశానికి వెళ్తూ కారు వెనక సీట్లో నింపింది. సత్తెనపల్లి దగ్గర పుట్టింటికి వెళ్తే, మిరపకాయలు ఆరబోసిన కల్లం పక్కన, కూలీలకు మజ్జిగ అందిస్తూ, తుమ్ముతూ నింపింది. ఎండుమిరప ఘాటుకి కళ్లు మండేవి, గళ్లు రెండుగా కనిపించేవి. ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు అని అందరూ మెచ్చుకున్నారు. ఆలోచించి చూస్తే, ఆమె కోరుకున్న చోటికి అది ఒక్కసారీ వెళ్లలేదు. ఆమెతో పని ఉన్నవాళ్లు ఎక్కడ ఉంటే అక్కడికి వెళ్లింది. పని ఎక్కడైనా సాగుతుంది కాబట్టి, ఆమెను ఎక్కడినుంచైనా లేపవచ్చు. "కంప్యూటర్ ముందు కూర్చునే పనేగా, ఎక్కడ కూర్చుంటే ఏంటి," అనేది అత్త. వేణుగోపాల్ అలా కూడా అనలేదు. అడక్కుండానే టీ గ్లాసు తెచ్చి కీబోర్డు పక్కన పెట్టేవాడు, ఖాళీది, కడగమని.

ఆ తెర మీద ఆమెకున్న ఇబ్బంది ఎవరికీ చెప్పేంత పెద్దది కాదు. గళ్లు కనబడేలా పెంచితే అంచులో మూడోవంతు మాత్రమే తెర మీద ఉండేది. అంచు మొత్తం కనబడేలా తగ్గిస్తే గళ్లు గసగసాల్లా అయ్యేవి. పక్కకు జరుపుకుంటూ, చూసింది గుర్తుపెట్టుకుంటూ గీయాలి. మధ్యలో ఎవరైనా పిలిస్తే గుర్తుపెట్టుకున్నది పోతుంది.

శ్రావణమాసానికి ముందు ఒక తీగ అంచు గీస్తున్నప్పుడు అదే జరిగింది. గీసేది జానెడు ముక్కే, చీర పొడుగునా అదే మళ్లీ మళ్లీ పడుతుంది. తీగ ఒక కొస నుంచి మొదలై మెలికలు తిరిగి రెండో కొసకు వస్తుంది. అక్కడ ఆగిన తీగ మళ్లీ మొదటి కొసను అందుకోవాలి. అలా అందుకుంటేనే చీర పొడుగునా ఒకటే తీగ పాకినట్టుంటుంది. ఆ చివరి వరసలు కలిపే దగ్గర ఉన్నప్పుడు అత్త లోపలి గదిలోంచి పాలు పొంగుతున్న వాసన వస్తోందని చెప్పింది. మాధవీలత లేచి స్టవ్ కట్టేసింది, గట్టు తుడిచింది, వచ్చి కూర్చుంది. కలిపేశాననుకుంది. కలపలేదు. రెండు వరసలు తక్కువయ్యాయి. అట్టలు కొట్టారు, మగ్గానికి ఎక్కించారు.

నేసింది పానకాలు. వేణుగోపాల్ దగ్గర చాలా ఏళ్లుగా నేస్తున్న మనిషి. చీర ఎలా వస్తోందో చూద్దామని భార్యాభర్తలిద్దరూ అతని ఇంటికి వెళ్లారు. సగం చీర అయింది. మాధవీలత వంగి అంచు చూసింది. ప్రతి జానెడుకీ తీగ తెగి ఉంది.

"ఇట్టా ఎందుకొచ్చింది, పానకాలుగారూ?"

"మీరిచ్చిందేనమ్మా. తెగిన తీగ కొత్త ఫ్యాషనేమో అనుకున్నా," అన్నాడు పానకాలు.

వేణుగోపాల్ నవ్వాడు. "వంట చేసుకుంటూ గీస్తది పానకాలూ. ఏదో పొరపాటు పడుంటది," అన్నాడు.

ఆయన ఆమెను వెనకేసుకొచ్చాననే అనుకున్నాడు. మాధవీలత అంచు మీద వేలు అలాగే ఉంచింది. గ్రాఫు తప్పు ఆమెదే, అందులో అనుమానం లేదు. ఆ తప్పుకు ఆయన చెప్పిన కారణం కూడా నిజమే. కానీ ఆ కారణం ఆయన నోట్లో, వర్షాలు ఆలస్యమయ్యాయన్నంత మామూలుగా ఉంది. ఎవరూ చేసింది కాదు, ఎవరూ మార్చేది కాదు అన్నట్టు.

అప్పుడే వీధిలోంచి ఎవరో పానకాలుని పిలిచారు. పానకాలు తల తిప్పలేదు. గుంట మగ్గం అది. నేసేవాడు గట్టు మీద కూర్చుంటే కాళ్లు గుంటలో ఉంటాయి, ఒడి మీద నేసిన బట్ట చుట్టిన కర్ర ఉంటుంది. లేవడమంటే ఒక పెద్ద తతంగం. వరండాలోంచి అతని భార్య వెంకటరావమ్మ, "మగ్గంలో ఉన్నాడు," అంది. వచ్చినవాడు సరేనని వెళ్లిపోయాడు. ఇంకేమీ అడగలేదు.

వెంకటరావమ్మ చేతిలో చిన్న రాట్నం ఉంది. పేకకు, అంటే అడ్డపోగుకు, కావలసిన నూలు కండెలు ఆమే చుడుతుంది. కండె లేకపోతే పోగును అటూ ఇటూ మోసే నాడె ఆడదు, నాడె ఆడకపోతే మగ్గం లేదు. వాళ్లున్న కాసేపట్లో ఆమె వరండాలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి దొడ్లోకి వెళ్లింది. వెళ్లినచోటికల్లా రాట్నం చంకలో పెట్టుకుని పోయింది. పొయ్యి ముందు రెండు కండెలు చుట్టింది, వచ్చినవాళ్లకు మంచినీళ్లిచ్చింది, మళ్లీ చుట్టింది. ఆమెను పిలిచినవాళ్లకు, "కండెలు చుడుతోంది, తర్వాత రండి," అని ఎవరూ చెప్పలేదు. చెప్పాలని ఆమెకూ తోచినట్టు లేదు.

మాధవీలత ఒకసారి మగ్గాన్ని చూసింది, ఒకసారి రాట్నాన్ని చూసింది. ఒకటి భూమిలోకి దిగి ఉంది. ఇంకొకటి చంకలో పడుతుంది. ఇద్దరూ చేసేది ఒకే చీర.

దారిలో వేణుగోపాల్ ఆ చీరను తక్కువకు అమ్మేద్దామన్నాడు, లాప్‌టాప్ పాతదైపోయింది కొత్తది కొందామన్నాడు. ఇంకా తేలికవి వచ్చాయట, పన్నెండు అంగుళాలవి కూడా ఉన్నాయట. ఆమె సరేనంది. ఎప్పుడు వెళ్దామని ఆమే అడిగింది.

షాపులో అమ్మకాల అమ్మాయి పేరు జమీలా. పని తెలిసిన పిల్ల. ఒక్కోటి తెరిచి బల్ల మీద వరసగా పెట్టింది. పదమూడు అంగుళాలది పొద్దున్నుంచి సాయంత్రం దాకా చార్జింగ్ ఉంటుంది, చప్పుడు చేయదు, కానీ వైర్లు పెట్టుకునే చోట్లు రెండే, లోపల మెమరీ తర్వాత పెంచుకోలేరు, తెర ఇంతే. పద్నాలుగుది మధ్యస్తం, ఎక్కువమంది తీసుకునేది అదే. పదహారులో అంకెల కీలు విడిగా ఉంటాయి, బ్యాగులో పెడితే భుజానికి తెలుస్తుంది. పద్దెనిమిదిది చూపించడానికి జమీలా రెండు చేతులూ వాడింది. దాని చార్జరు ఇటుకంత ఉంది.

"ఇది ఒళ్లో పెట్టుకునేది కాదు మేడమ్. చార్జింగ్ రెండు గంటలు కూడా ఆగదు. టేబులుండాలి, పక్కనే ప్లగ్గుండాలి. ఒకచోట పెడితే ఇక అక్కడే," అంది జమీలా. అమ్మకూడదనే చెబుతున్నట్టు చెప్పింది.

మాధవీలత తన పెన్‌డ్రైవ్ ఇచ్చి, తీగ అంచు దానిలో తెరవమంది. అంచు ఈ కొస నుంచి ఆ కొస దాకా తెర మీద పరుచుకుంది. గడి గడీ కనిపించింది. తక్కువైన రెండు వరసలు ఎక్కడో ఆమె వెతకక్కర్లేకపోయింది.

"ఇంత బరువు ఎక్కడికని మోస్తావు మాధవీ?" అన్నాడు వేణుగోపాల్.

"ఎక్కడికీ మోయను."

ఆయనకు అర్థం కాలేదు. ఇంత పెద్దదే కావాలంటే మామూలు కంప్యూటర్ తీసుకోవచ్చుగా అన్నాడు. కరెంటు పోతే గీసిందంతా పోతుందని ఆమె చెప్పింది, మంగళగిరిలో ఆ మాటకు ఎదురు లేదు. ఆయన ఇంకో దారి చూపించాడు. చిన్నది కొని, ఇంట్లో ఒక పెద్ద తెర పెట్టి వైరుతో కలుపుకోవచ్చు, పెద్దదానికి పెద్దది, తేలికకు తేలిక. జమీలా కూడా అవునంది. మంచి సలహానే. మాధవీలత కాసేపు దాన్ని ఊహించి చూసింది. పెద్ద తెర హాల్లో ఉంటుంది. మొదటి వారం ఆమె దాని ముందు కూర్చుంటుంది. రెండో వారం పప్పు కోసమో, పాల కోసమో వైరు పీకి చిన్నదాన్ని గట్టు మీదికి తెచ్చుకోమంటారు. నెల తిరిగేసరికి పెద్ద తెర మీద క్రికెట్ వస్తుంటుంది.

"దీని మంచేంటో తెలుసా అండీ?" అంది ఆమె. "ఇది కదలదు. ఇది కదలకపోతే నేనూ కదలను. పానకాలుని గుంటలోంచి ఎవరన్నా లేపుతారా? పని కావాలంటే కండె పట్టుకుని వాళ్లే ఆయన దగ్గరికెళ్తారు. నాకూ ఒక గుంట కావాలి."

జమీలా బిల్లు పుస్తకం దగ్గరికి లాక్కుంది. ఎవరి పేరు మీద అని వేణుగోపాల్‌ని అడగలేదు, మాధవీలతను అడిగింది. వేణుగోపాల్ పదమూడు అంగుళాలది బల్ల మీద పెట్టేశాడు. ఆ తర్వాత పెట్టె ఎత్తి కారు దాకా మోసింది ఆయనే. మధ్యలో ఒకసారి మెట్ల దగ్గర దించి ఊపిరి పీల్చుకున్నాడు.

ఇంట్లో ముందు గదిలో దివాన్ మంచం ఉండేది. వేణుగోపాల్ మధ్యాహ్నం కొట్టునుంచి వచ్చి పడుకునేది దానిమీదే. దాన్ని హాల్లోకి జరిపారు. కొట్టులో చీరలు మడతపెట్టే పాత టేబుల్ ఆటోలో వచ్చింది. ప్లగ్గు ఆ గోడకే ఉంది. ఆ గదికి తలుపుంది, గడియ పాతదైనా పడుతుంది.

మర్నాడు పొద్దున ఆమె తలుపు వేసుకుని కూర్చుంది. కాసేపటికి వంటింట్లోంచి సామ్రాజ్యం పిలిచింది. పాలు పొయ్యి మీద ఉన్నాయి, కంప్యూటర్ ఇటు తెచ్చుకోమంది.

"అది రాదత్తయ్యా," అంది మాధవీలత తలుపు తీయకుండా.

"నువ్వు రావే మరి."

"నేనొస్తే తీగ మళ్లీ తెగుద్ది."

మాధవీలత మౌస్ మీద చెయ్యి పెట్టి, మెడ తలుపు వైపే తిప్పి కూర్చుంది. ఇన్నేళ్ల అలవాటుకు కాళ్లు లేచిపోదామన్నాయి. లేవలేదు. వంటింట్లో స్టవ్ కట్టేసిన చప్పుడైంది. తర్వాత సామ్రాజ్యం కర్ర ఆనించుకుంటూ వచ్చి తలుపు అవతల ఆగింది. ఆమె కూడా మగ్గాల ఇంటి కోడలే. కాపురానికి వచ్చిన నాటినుంచి మోకాళ్లు పట్టేసే దాకా కండెలు చుట్టింది.

"నా రాట్నం కూడా ఇల్లంతా తిరిగేదిలే," అంది తలుపుతో. వెళ్లిపోయింది.

ఆ వారమంతా రోజూ ఏదో ఒకటి జరిగింది. ఒకరోజు కూర మాడింది. ఒకరోజు హోటల్ నుంచి సాంబారు తెప్పించారు. వేణుగోపాల్ టీ గ్లాసు పట్టుకుని ముందు గది దాకా వచ్చి, మూసిన తలుపు చూసి వెనక్కి తిరిగాడు. ఆ గ్లాసు ఎవరు కడిగారో మాధవీలత అడగలేదు. తీగ కొసలు కలిశాయి. అట్టలు కొత్తగా కొట్టించారు. చీరాల సొసైటీకి పంపిన నమూనా మీద గీసినవారి పేరు దగ్గర ఆమె తన పేరు రాసింది.

శుక్రవారం ఎదురింటి ఆవిడ పెళ్లి పిలుపుకి కుంకుమభరిణె పట్టుకుని వచ్చింది. ముందు గది కిటికీలోంచి మాటలు వినిపించాయి. కోడలు లేదా అని ఆవిడ అడిగింది.

"పనిలో ఉంది. తర్వాత రామ్మా," అంది సామ్రాజ్యం.

ఆవిడ సరేనని వెళ్లిపోయింది. ఇంకేమీ అడగలేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకు మాధవీలత తలుపు తీసి వంటింట్లోకి వెళ్లింది. అన్నం వండి ఉంది.