వియ్యంకుడు విప్పిన మోటారు

శ్రావణమాసంలో రాజమండ్రిలో ఉతికిన లుంగీ ఆరదు. దండెం మీద వేస్తే జల్లు కొడుతుంది, వంటింట్లో వేస్తే పొగ కంపు పడుతుంది, ఫ్యాను కింద వేస్తే "ఫ్యాను మనుషులకా, లుంగీలకా?" అని ఇంట్లోవాళ్ళు దెప్పుతారు. బెల్లం వ్యాపారి మల్లేశ్వరరావు ఆ పొద్దున్న సగం ఆరిన లుంగీ కట్టుకుని, సగం ఆరిన తువ్వాలు భుజాన వేసుకుని, పూర్తి కోపంతో నేలమాళిగ మెట్లు దిగాడు.

కోపం లుంగీ మీద కాదు. మోటారు మీద.

ఆయనకి ఇల్లూ కొట్టూ ఒకటే. ముందు కొట్టు, వెనక ఇల్లు, కింద నేలమాళిగ. ఎండాకాలం సరుకు చల్లగా ఉంటుందని తాతగారు తవ్వించారు. వానాకాలం సంగతి ఆయన ఆలోచించలేదు. గోదారి పెరిగిందంటే చాలు, నేలమాళిగలో నేలంతా చెమట పట్టినట్టు ఊరి, నీళ్ళు మూలనున్న గుంటలోకి చేరతాయి. ఆ గుంట పక్కనే ఓ మోటారు. అది నీళ్ళు లాగి వీధి కాలవలో పోస్తుంది. గోదారి తగ్గేదాకా అది తిరుగుతూనే ఉండాలి. తిరిగితే కింద ఉన్నది బెల్లం, ఆగితే పానకం.

ఈ ఏడు నేలమాళిగ నిండా బెల్లమే. చవితికీ దసరాకీ అమ్ముదామని ఉన్నదంతా ఊడ్చి కొన్నాడు.

ఇప్పుడా మోటారు గొంతు మారింది. ఇదివరకు గుమ్మని తిరిగేది, నాలుగు రోజులుగా కఫం అడ్డం పడ్డట్టు గరగరలాడుతోంది. గొట్టంలోంచి మణికట్టంత లావు పడే నీళ్ళు చిటికెన వేలంత అయ్యాయి. చెయ్యి వేస్తే చురుక్కుమంది.

"ఏమే, మోటారు ఏదో తేడాగా అరుస్తోంది," అన్నాడు పైకొచ్చి.

"ఇంట్లో అరిచేవాళ్ళు ఎక్కువైపోయారు," అంది భార్య మాణిక్యాంబ, గారెల పిండి రుబ్బుకుంటూ.

మల్లేశ్వరరావు మోటారు మెకానిక్కు సామ్యేలుకి కబురు పెట్టాడు. సామ్యేలు సైకిలు వేసుకుని వచ్చేశాడు. పిలిచిన రోజునే మెకానిక్కు రావడం మామూలు సంగతి కాదు. అక్కడే మల్లేశ్వరరావు అనుమానపడాల్సింది.

సామ్యేలు గుమ్మం దాటబోతుంటే హాల్లోంచి వినపడింది. "ఎవరండీ బావగారూ?"

ఆయనే జోగేశ్వరరావు గారు, వియ్యంకుడు. జంగారెడ్డిగూడెంలో ఎరువుల కొట్టు. ఆషాఢమంతా పుట్టింట్లో ఉన్న కొత్త కోడల్ని తీసుకెళ్ళడానికి వచ్చారు. రేపు పొద్దున్న ప్రయాణం.

"మోటారుకి మెకానిక్కండి," అన్నాడు మల్లేశ్వరరావు.

"వీళ్ళకా! భలేవారే. మంచి సామాను తీసేసి పాతది తగిలిస్తారండి. మా తోటలో మోటార్లు నేనే విప్పుతాను, నేనే బిగిస్తాను. పంపించెయ్యండి."

సామ్యేలు ఈ మాటలన్నీ గుమ్మంలో నిలబడే విన్నాడు. మల్లేశ్వరరావు వంక చూశాడు. మల్లేశ్వరరావు లుంగీ వంక చూసుకున్నాడు. సామ్యేలు సైకిలు తిప్పుకున్నాడు.

మీకు అర్థమయ్యే ఉంటుంది. పెళ్ళై మూణ్ణెల్లు కాలేదు. వియ్యంకుణ్ణి ఇవాళ ఒక్కమాట అంటే, ఆ మాట కూతురు రాజరాజేశ్వరి అత్తారింట్లో నడివయసు వచ్చేదాకా వింటుంది. అందుకని మల్లేశ్వరరావు పళ్ళు బిగపట్టి, "చిత్తం బావగారూ," అన్నాడు.

ఇంకోటేంటంటే, జోగేశ్వరరావు గారిది మెట్ట. నీళ్ళు రాకపోతే ఏం చెయ్యాలో ఆయనకి క్షుణ్ణంగా తెలుసు. నీళ్ళు వచ్చేస్తే ఏం చెయ్యాలో ఆయనకి ఎప్పుడూ అవసరం పడలేదు.

కానీ అన్యాయంగా మాట్లాడకూడదు. ఆయన కిందకి దిగి, మోటారు ఆపించి, గుంటలోంచి గొట్టం పైకి లాగి, చివరనున్న ఫుట్ వాల్వు చూపించారు. దాని జల్లెడ నిండా తాటాకు ముక్కలూ గోనె పీచూ. బెల్లం బుట్టల చెత్తంతా అక్కడికే చేరింది.

"ఇదండీ రోగం!" అన్నారు.

చేత్తో లాగేస్తే వచ్చేసింది. మల్లేశ్వరరావుకి ప్రాణం లేచొచ్చింది. మొదటిసారి వియ్యంకుడి మీద నిజంగా గౌరవం కలిగింది.

"అమ్మయ్య. ఇంక బిగించేద్దామాండి?"

"ఎలాగూ ఆపాం కదా, లోపల కూడా ఓసారి చూసేద్దాం."

"లోపల బానే ఉందండి..."

"మీరు చూశారా?"

చూడలేదు. ఎవరు చూస్తారు? జోగేశ్వరరావు గారు పీట వేయించుకుని, దినపత్రిక పరిపించుకుని, స్పానరు అందుకున్నారు. మూత వచ్చింది. బేరింగు వచ్చింది. వాషర్లు వచ్చాయి. ఏ మెకానిక్కూ ఇంతవరకూ చూడని ముక్కలు కూడా వచ్చాయి. నట్లు పోకుండా జాగ్రత్తగా చొక్కా జేబులో వేసుకున్నారు. మోటారున్న చోట నాలుగు బోల్టులూ ఓ మరకా మిగిలాయి.

అప్పుడు పైనుంచి మాణిక్యాంబ, "అన్నయ్యగారండీ, వడ్డించేశానండి!" అంది.

గారెలు, కందా బచ్చలి కూర, ముక్కల పులుసు, గడ్డ పెరుగు. మాణిక్యాంబ మూడోసారి గారెలు వేస్తుంటే మల్లేశ్వరరావు కళ్ళతోనే వద్దన్నాడు. ఆవిడ కళ్ళతోనే మర్యాద తెలీదా అంది. జోగేశ్వరరావు గారు చెయ్యి కడుక్కుని, "ఒక్క కునుకు తీసి బిగించేస్తానండి, ఎంతసేపు," అని హాల్లో మంచం మీద, చొక్కాతోనే, నట్లతోనే నడుం వాల్చారు. వాన మొదలైంది. ఆయన గురక కూడా మొదలైంది. అచ్చం మోటారు బాగున్న రోజుల్లో చేసిన చప్పుడు.

గుంట నిండింది. నేల మీద అరంగుళం నీళ్ళు నిలిచాయి.

"లేపుతాను," అన్నాడు మల్లేశ్వరరావు.

"మీకేమైనా మతిపోయిందా? వియ్యాలవారు భోంచేసి పడుకుంటే తట్టి లేపుతారా? రేపు వదినగారు నన్నడుగుతారు."

"నీళ్ళొస్తున్నాయే!"

"మెల్లిగా అరవండి."

మల్లేశ్వరరావు మెల్లిగా అరిచాడు. జీవితంలో అంత కోపాన్ని అంత చిన్న గొంతులో ఎప్పుడూ పెట్టలేదు. కొట్లో కలాసీ బుల్లియ్యని సామ్యేలు దగ్గరికి పరిగెత్తించాడు. బుల్లియ్య తడిసి ముద్దై తిరిగొచ్చాడు.

"రానన్నాడండి. ఇంకోళ్ళు విప్పిన మోటారు ముట్టుకోడంటండి. అది ఆళ్ళ రూలంటండి."

"కాళ్ళు పట్టుకుంటానని చెప్పలేకపోయావా?"

"చెప్పానండి. ఎవరి కాళ్ళని అడిగాడండి. మీయ్యేనన్నానండి. అయినా రానన్నాడండి."

ఆరోజు కరెంటు కూడా పోలేదు. అదే మల్లేశ్వరరావుకి మరీ మంట. పోయుంటే తలుపు తీసుకుని వీధిలో నిలబడి కరెంటోళ్ళని తనివితీరా తిట్టుకునేవాడు. తిట్టుకోవడానికి పనికొచ్చే ఒకే ఒక్క మనిషి హాల్లో నిద్రపోతున్నాడు, ఆయన్ని తిట్టకూడదు.

ఇంక మిగిలింది సరుకు పైకి మొయ్యడం. కొట్లో చోటు లేదు, వరండాలో జల్లు. పొడిగా ఉన్నది హాలొక్కటే. మల్లేశ్వరరావూ, బుల్లియ్యా, మాణిక్యాంబా, రాజరాజేశ్వరీ నలుగురూ మునివేళ్ళ మీద నడుస్తూ బెల్లం బుట్టలు మోసి మంచం చుట్టూ పేర్చారు. బుట్ట కిందపెట్టిన ప్రతిసారీ గురక వైపు చూసి దణ్ణం పెట్టినట్టు చేతులు ఎత్తేవారు. సగం వచ్చేసరికి కింద మోకాలి లోతు అయింది. అడుగు వరసలు కరిగి నీళ్ళు ఎర్రబడ్డాయి. నేలమాళిగంతా పండగ వాసన.

ఇంతలో ఎవరూ లేపకుండానే జోగేశ్వరరావు గారు గెంతి లేచారు.

"బావగారూ! చీమలండీ! మీ ఇంట్లో ఇన్ని చీమలేంటండీ!"

వీపు గోక్కుంటూ చుట్టూ చూశారు. "ఇదేంటి, నన్ను బెల్లంలో పెట్టారు?"

మల్లేశ్వరరావు మెట్ల వైపు చెయ్యి చూపించాడు.

ఆయన మెట్ల మీద నిలబడి కిందకి చూశారు. దినపత్రిక తేలుతోంది. దాని మీద ఉండాల్సిన బేరింగూ, వాషర్లూ పానకంలో అడుగున ఎక్కడో ఉన్నాయి. జేబు తడుముకుని నట్లు ఉన్నాయని నిమ్మళపడ్డారు. తర్వాత నిట్టూర్చి, తలాడించి, చాలా ప్రేమగా అన్నారు.

"చూశారా? అందుకే అనేది. చప్పుడు మారిన రోజునే కనిపెట్టాలండి. నీటి ధార సన్నబడితే జల్లెడ చూడాలి. అసలు వానలు రాకముందే ఓసారి తిప్పి చూసుకోవాలి. మీకు ముందుజాగ్రత్త తక్కువ బావగారూ."

మల్లేశ్వరరావు నోరు తెరిచాడు. పొద్దున్నుంచీ మింగినవన్నీ ఒక్కసారిగా గొంతులోకి వచ్చేశాయి. పక్కనే రాజరాజేశ్వరి, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, చేతులకి బెల్లం అంటుకుని, ఆయాసపడుతూ నిలబడి ఉంది. తండ్రి మొహం చూసి దగ్గరికి జరిగింది.

"అనెయ్యండి నాన్నా," అంది గొణుగుతూ. "నేను పడతాను."

ఆయన కూతురి వంక చూశాడు. తెరిచిన నోరు మూశాడు.

"నువ్వు పడతావనేనమ్మా అననిది," అన్నాడు మెల్లిగా. తర్వాత వియ్యంకుడి వైపు తిరిగి, "ఆయ్. చిత్తమండి," అన్నాడు.

రాజరాజేశ్వరి కళ్ళు తుడుచుకుని, "మావయ్యగారండీ, కాఫీ పెడతాను రండి," అని ఆయన్ని వంటింటి వైపు తీసుకెళ్ళిపోయింది. మల్లేశ్వరరావు మెట్ల మీద కూర్చుని, కరిగిపోతున్న తన దసరాని చూస్తూ, సామ్యేలుని, బుల్లియ్యని, తాతగార్ని, గోదార్ని, తాటాకుని వరసగా తిట్టాడు. తిట్టకూడని మనిషి తప్ప ఎవరూ మిగల్లేదు.

మర్నాడు పొద్దున్న రిక్షా ఎక్కుతూ జోగేశ్వరరావు గారు వియ్యంకుడి చేతులు పట్టుకున్నారు. ఆయన కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. "మీ నష్టం చూస్తే నాకు నిద్రపట్టలేదండి. ఇకమీదట ఈ మోటారు బాధ్యత నాది. ఏటా మృగశిర కార్తెకి నేనే వస్తాను. పదిహేను రోజులుండి, మొత్తం విప్పి, శుభ్రంగా చూసి వెళ్తాను. మీరు చెయ్యి కూడా పెట్టక్కర్లేదు."

ఏడాది తిరిగొస్తోంది, మృగశిర కార్తె దగ్గర పడుతోంది. కొత్త మోటారు కొందామంటే కొత్తది లోపల ఎలా ఉంటుందో చూద్దామంటారు. ఊళ్ళో లేమని కబురు పెడదామంటే బుల్లియ్య చేత తాళం తీయించుకుని విప్పేస్తారు. నేలమాళిగ పూడ్పించేద్దామంటే సరుకు పెట్టుకునే చోటు లేదు. మాణిక్యాంబ ఇప్పట్నుంచే మినప్పప్పు బాగుచేస్తోంది. అయ్యా, అమ్మా, మీలో వియ్యంకులున్నవాళ్ళు ఉంటారు. ఆయన మనసు నొప్పించకుండా, అమ్మాయి మాట పడకుండా, ఆ చేతిలోంచి స్పానరు తీసుకునే ఉపాయం ఏదైనా ఉంటే చెప్పండి. మల్లేశ్వరరావుకి ఏం తోచటంలేదు, ఈ కథ చెప్పేవాడికీ తోచటంలేదు. మీకు దణ్ణం పెడతాం, కాస్త తొందరగా చెప్పండి.