తిండి కిందికి రాని తిండి

నందిగామ కోర్టులో బెంచి గుమాస్తా జగన్నాథరావు గారికి డాక్టరు జీవరత్నం గారు చెప్పింది ఒకే ఒక్క మాట, రాత్రిపూట అన్నం మానెయ్యమని. అది అరవై రెండో సంవత్సరం, వేసవి సెలవులయ్యాక కోర్టు తెరిచిన వారం. రావు గారికి నలభై ఆరేళ్ళు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, పొద్దున లేస్తే తల దిమ్ము. డాక్టరు గారు చేతికి పట్టీ చుట్టి చూసి రక్తపు పోటు ఎక్కువగా ఉందన్నారు. మిషను మీద నిలబెట్టి, నూట డెబ్బై ఎనిమిది పౌన్లు తూగారని, కనీసం ఇరవై పౌన్లు తగ్గాలని చెప్పారు.

రావు గారు ఉత్తర్వంటే ఉత్తర్వే అనుకునే మనిషి. ఇరవై రెండేళ్ళుగా జడ్జీలు పలికింది పలికినట్టు రాసుకొచ్చారు. ఒక మాట కలపడం, ఒక మాట తీసెయ్యడం ఎరగరు. ఆ సాయంత్రమే భార్య దుర్గాంబకు సంగతి చెప్పారు. ఆడపిల్లలిద్దరికీ పెళ్ళిళ్ళయిపోయాయి కాబట్టి ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. రెండు రోజులు ఆవిడ తన వరకే వండుకుంది. మూడో రోజు ఆయన, పోపు వాసన ముక్కుకు తగులుతుంటే నిగ్రహించుకోవడం కష్టంగా ఉందన్నారు. నాలుగో రోజు నుంచి ఆవిడ సాయంత్రం పొయ్యి వెలిగించలేదు.

అన్నం తినే పని లేకపోతే సాయంత్రం ఎంత పొడుగ్గా ఉంటుందో రావు గారికి అప్పుడే తెలిసింది. ఊరి చివర మధిర రోడ్డు పక్కన టూరింగ్ టాకీసు డేరా వేసి ఉంది. మొదటాటకు వెళ్ళి కుర్చీలో కూర్చుంటే ఆకలి సంగతి మరిచిపోవచ్చు. బొమ్మ మారినా మారకపోయినా వెళ్ళడం మొదలుపెట్టారు. ఇంటర్వెల్లులో డేరా బయట సిలార్ బండి దగ్గర నిలబడేవారు. సిలార్ మిరపకాయ బజ్జీలు వేస్తాడు. అతని భార్య రజియాబీ ఆడవాళ్ళ వైపు తిరుగుతూ అవే అమ్ముతుంది. రావు గారు నాలుగు బజ్జీలు తిని, ఒక రంగు సోడా తాగి, వేయించిన వేరుశనగ పప్పు ఒక పొట్లం, నువ్వుల ఉండలు రెండు తీసుకుని మళ్ళీ లోపలికి వెళ్ళేవారు. ఇవేవీ ఆయన దృష్టిలో తిండి కిందికి రావు. తిండి అంటే కాళ్ళు కడుక్కుని, పీట వేసుకుని, కంచం ముందు కూర్చుని తినేది.

దసరా సెలవుల్లో డాక్టరు గారు మళ్ళీ తూచారు. నూట ఎనభై ఏడు పౌన్లు. డాక్టరు గారు మిషను వైపు, రావు గారి వైపు చూశారు. రాత్రి అన్నం ఒక్క మెతుకు ముట్టలేదని రావు గారు ప్రమాణం చేసి చెప్పారు. అది నిజమే. కనుక తప్పు మిషనుదేనని తేల్చుకుని ఇంటికొచ్చారు.

జగ్గయ్యపేటలో ఆయన పినతండ్రి కొడుకు భవానీప్రసాద్‌కు మిరపకాయల కొట్టుంది. ఆ కొట్లో కొత్తగా కిలోల కాటా పెట్టించాడు. సరుకు తూచే కాటా కాబట్టి తేడా ఉండదని, ఆదివారం దుర్గాంబను వెంటబెట్టుకుని రావు గారు బస్సెక్కారు. కొట్లో ఘాటుకు తుమ్ములు ఆపుకుంటూ కాటా మీద నిలబడ్డారు. ఎనభై అయిదు కిలోలు. భవానీప్రసాద్ కాగితం మీద పౌన్లలోకి మార్చి నూట ఎనభై ఏడు అన్నాడు. రావు గారు ఆ కాగితం తీసుకుని మళ్ళీ హెచ్చవేశారు. అంతే వచ్చింది.

ఇంత దూరం వచ్చారు కదా, మీరూ నిలబడండి వదినా అన్నాడు భవానీప్రసాద్. దుర్గాంబ వద్దు వద్దంటూనే నిలబడింది. ముప్పై తొమ్మిది కిలోలు. అతను ముల్లు సరిచేసి మళ్ళీ చూశాడు. పక్కనున్న మిరపకాయల బస్తా ఇంతకన్నా ఎక్కువ తూగుతుంది. నవ్వబోయినవాడు ఆగి, ఒంట్లో బాగుంటోందా వదినా అని అడిగాడు. ఆవిడ బాగానే ఉందంది. తిరుగు బస్సులో రావు గారు మొట్టమొదటిసారిగా ఆవిడను పరీక్షగా చూశారు. మణికట్టు దగ్గర ఉండాల్సిన గాజులు మోచేతి దాకా వెళ్ళి వస్తున్నాయి. నాలుగు నెలలుగా తన ఒంటి సంగతే తప్ప ఇంకోటి పట్టించుకోలేదని ఆయనకు తోచింది.

మర్నాడు సాయంత్రం ఇద్దరూ డాక్టరు గారి దగ్గరకు వెళ్ళారు. ఆవిడకు జ్వరం లేదు, దగ్గు లేదు. ఏం తింటున్నారని డాక్టరు గారు అడిగారు. పొద్దున అన్నం, రాత్రి గ్లాసు మజ్జిగ అంది.

"రాత్రి అన్నం ఎందుకు తినట్లేదమ్మా?"

"ఆయన పస్తు పడుకుంటుంటే నాకు ముద్దెలా దిగుద్దండి?"

డాక్టరు గారు కుర్చీ ఇటు తిప్పారు. "మీరు పస్తు పడుకుంటున్నారా, జగన్నాథరావు గారూ?"

"రాత్రి అన్నం ముట్టట్లేదండి."

"అన్నం సంగతి అడగట్లేదు. ఏం తింటున్నారు?"

ఇలాంటి ప్రశ్నలు రావు గారు ఎన్నో వందలు రాసుకున్నారు. జవాబు చెప్పాల్సి రావడం ఇదే మొదలు. అబద్ధమాడే అలవాటు లేదు కాబట్టి, బజ్జీల దగ్గర్నుంచి రంగు సోడా దాకా వరసగా చెప్పారు. దుర్గాంబ తల తిప్పకుండా వింటోంది.

డాక్టరు గారు ఒక చిన్న పుస్తకం తీశారు. తిన్న పదార్థం ఒంటికి ఎంత శక్తి ఇస్తుందో కొలిచే కొలతను కేలరీ అంటారని, వాడుకోగా మిగిలినదంతా కొవ్వుగా పేరుకుంటుందని చెప్పి, చీటీ వెనక రాయడం మొదలుపెట్టారు. బజ్జీ ఒక్కింటికి, పీల్చిన నూనెతో కలిపి, నూట పది చొప్పున నాలుగు బజ్జీలకు నాలుగు వందల నలభై. నువ్వుల ఉండలు రెండూ కలిపి రెండు వందల యాభై. సోడాలో పంచదారకు ఎనభై. వేరుశనగ పప్పు దగ్గర ఆయన వేలు పెట్టి రెండుసార్లు చదువుకున్నారు. పొట్లానికి రెండు వందల ఎనభై. అలాంటి పొట్లమే ఒకటి ఆయన బల్ల సొరుగులో సగం తెరిచి ఉంది. మోకాలితో సొరుగు మూశారు. మొత్తం వెయ్యిన్నీ యాభై. మానేసిన రాత్రి భోజనం, పప్పూ నెయ్యీ పెరుగూ వేసుకున్నా, ఏడు వందలు దాటదు.

"మీరు భోజనం మానేసి ఒకటిన్నర భోజనం తిన్నారు," అన్నారు డాక్టరు గారు.

దుర్గాంబ భర్తను అడిగింది.

"బజ్జీలు వేడివేనా?"

"వేడివే," అన్నారు రావు గారు.

డాక్టరు గారు చెరో చీటీ రాశారు. రావు గారికి రాత్రి రెండు గరిటెల అన్నం, పప్పు, మజ్జిగ. డేరా దగ్గర ఉత్త సోడా తప్ప ఏమీ ముట్టకూడదు. దుర్గాంబకు రెండు పూటలా కడుపునిండా భోజనం, పది పౌన్లు పెరిగేవరకూ సాయంత్రం రెండు బజ్జీలు, ఒక పొట్లం వేరుశనగ పప్పు.

ఇంటికెళ్ళగానే ఆవిడ పొయ్యి వెలిగించింది. దోసకాయ పప్పు వండి, ఆయనకు రెండు గరిటెలు పెట్టి, తను తృప్తిగా తింది. చెయ్యి కడుక్కున్నాక అడిగింది.

"ఇన్నాళ్ళలో ఒక్కరోజన్నా నాకో పొట్లం తేవాలనిపించలేదా మీకు?"

"అది తిండి అనుకోలేదు దుర్గా. అనుకునుంటే తేకుండా ఉంటానా?"

ఆవిడ కాసేపు ఆలోచించి, నిజమే చెబుతున్నారని నమ్మింది. నమ్మినా కోపం తగ్గలేదు. రెండు రోజులు మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ రావు గారు కోర్టు నుంచి తిన్నగా ఇంటికొచ్చి, అడక్కపోయినా బావిలో నీళ్ళు తోడిపెట్టారు.

మూడో రోజు పొద్దున సిలార్ ఇంటికొచ్చాడు. అరుగు మీద కూర్చోమన్నా కూర్చోలేదు.

"గుమాస్తా గారూ, మా బజ్జీల్లో ఏయో కేలరీలున్నయ్యని డాక్టరు గారు రాసిచ్చారంటగా. శనగపిండి, మిరపకాయ, వాము, ఉప్పు, ఇవే నేనేసేది. ఇంకోటి వెయ్యనండి."

అవి ఎవరూ వెయ్యక్కర్లేదని, అన్నంలోనూ పాలల్లోనూ కూడా ఉంటాయని రావు గారు నచ్చజెప్పారు. అయితే ఎక్కువుంటే మంచిదా, తక్కువుంటే మంచిదా అని అడిగాడు సిలార్. మా ఆవిడకు ఎక్కువుంటే మంచిది, నాకు కాదన్నారు రావు గారు. సిలార్ ఆ జవాబును కాసేపు మనసులో అటూ ఇటూ తిప్పి, పొలం పనులు చేసుకొచ్చేవాళ్ళకు కూడా మంచిదేనని తేల్చుకుని, స్థిమితపడి వెళ్ళాడు.

ఆ సాయంత్రం రావు గారు భార్యను సినిమాకు రమ్మన్నారు. డేరాలో ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ మధ్య గుడ్డ తెర కట్టి ఉంటుంది. ఇంటర్వెల్లులో రజియాబీ ఆవిడ చేతిలో రెండు బజ్జీలు పెట్టింది. తెరకు ఇవతల రావు గారు ఉత్త సోడా తాగి, వాసన పీల్చి, కుర్చీలోనే కూర్చున్నారు. ఆవిడ ఎన్ని తిన్నదీ ఇటు నుంచి కనపడదు. ఇంటికెళ్ళేటప్పుడు అడిగితే, రాసినన్నే అంది.

ఫిబ్రవరి నాటికి ఆయన నూట అరవై తొమ్మిదికి దిగారు. ఆవిడ తొంభై ఏడుకు పెరిగింది. ఇక బజ్జీలు ఆపవచ్చని డాక్టరు గారు ఆవిడకు చెప్పారు. ఆ నెలాఖరుకే డేరా గడువు తీరి, కంచికచర్లకు మారింది. సిలార్ బండి కూడా వెంట వెళ్ళింది. మంచిదే అయిందన్నారు రావు గారు.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం దుర్గాంబ జరీ అంచు చీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని వచ్చి, కంచికచర్ల బస్సు ఎన్నింటికని అడిగింది. రావు గారు చదువుతున్న పేపరు మడిచి, టైము చెప్పి, చొక్కా వేసుకున్నారు.

ఆట విడిచాక బస్సులో పక్కపక్కన కూర్చున్నప్పుడు, బొమ్మ ఎలా ఉందని ఆయన అడిగారు.

"పర్లేదు. మొదటి సగమే కాస్త సాగదీశాడు," అంది దుర్గాంబ.