ఆయన మాట

పప్పన్నం మిక్సీలో మెత్తగా తిప్పుతోంది భారతీదేవి. పలచనైతే భర్త బుల్లిబాబుకి పొలమారుతుంది, గట్టిగా ఉంటే గొంతులో నిలబడిపోతుంది. ఆ మధ్యస్తం చేతికొచ్చేలోపు ఆమె పారబోసిన అన్నంతో జగ్గయ్యపేట సున్నపురాయి క్వారీ గొయ్యి ఒకటి పూడ్చొచ్చు.

మోటార్ న్యూరాన్ జబ్బు ముందు అతని చేతులు తీసుకుంది, తర్వాత కాళ్లు, ఆపైన నాలుక. గరికపాడు ధాబాల్లో లారీ డ్రైవర్లు బండ్లు కదిలించడం మర్చిపోయేలా కోతలు కోసిన నాలుక అది. మున్నేట్లో తన గాలానికి పడ్డ చేపని ఒడ్డుకి లాగడానికి క్రేన్ తెప్పించానని చెప్పిన మనిషి. ఇప్పుడా నోట్లోంచి వచ్చే ముద్ద ముద్ద శబ్దం లోకంలో ఒక్కరికే అర్థమవుతుంది, భార్యకి.

అందుకని ఎవరొచ్చినా అతను అనడం, ఆమె చెప్పడం. తిట్లయినా అంతే. మొన్న పెనుగంచిప్రోలు నుంచి ఆడపడుచు రాజ్యశ్రీ వచ్చినప్పుడు అతనేదో అని కళ్లతో నవ్వాడు.

"అన్నయ్య ఏమంటున్నాడు వదినా?"

"నాకీ జబ్బు రాబట్టి సరిపోయింది, లేకపోతే దీనికి పనేముందే రాజ్యం, అంటున్నారు."

ఒక్క మాట పొల్లుపోకుండా అప్పజెప్పింది భారతీదేవి. ఆడపడుచు పడీ పడీ నవ్వి, మంచం పట్టినా మావాడి చమత్కారం పోలేదని మురిసిపోయింది. తన నోటితో తనని తిట్టుకునే ఈ కొలువు, జీతం లేకుండా, ఇంత నిజాయితీగా చేసే ఆడది ఇంకెక్కడైనా ఉంటుందా అనుకుంది భారతీదేవి గిన్నెలు తోముతూ. ఒక్కసారి మార్చి చెబితే ఎవరికి తెలుస్తుంది? ఆ ఆలోచనకే ఆమె చెయ్యి ఆగిపోయింది. కదల్లేని మనిషికి మిగిలింది ఆ మాటొక్కటే. అదీ లాక్కుంటే తనకీ ఆ జబ్బుకీ తేడా ఏముంది?

ఇవాళ ఆమె పప్పన్నం గిన్నె పట్టుకుని గదిలోకి వచ్చేసరికి నందిగామ నుంచి నర్సు సూసన్ వచ్చి కూర్చుంది. ఇలాంటి రోగులకీ, వాళ్లని చూసుకునేవాళ్లకీ సాయం చేసే సంస్థ ఆమెది. పగటిపూట ఒక మనిషిని ఉచితంగా పంపుతామని, సార్ ఒప్పుకుంటే చాలని చెప్పింది.

"మీరు కంటినిండా పడుకుని ఎన్నాళ్లయిందమ్మా?" అని అడిగింది. ఆ ప్రశ్న తన గురించేనని అర్థం కావడానికి భారతీదేవికి కాస్సేపు పట్టింది.

సూసన్ మంచం వైపు తిరిగి, పంపమంటారా అని అడిగింది. బుల్లిబాబు జవాబు చెప్పాడు. పరాయి మనిషి ఇంట్లో కాలు పెట్టడానికి వీల్లేదట. ఊరికే పడి ఉన్నది ఒకతి ఉండగా ఇంకొకరెందుకట. తిని కూర్చునేదానికి నిద్రొకటా, అన్నాడు.

"ఏమంటున్నారమ్మా?"

భారతీదేవి చెంచా గిన్నెలో పెట్టింది.

"రేపట్నుంచే పంపమంటున్నారండి."

బుల్లిబాబు మెడ నరాలు ఉబ్బాయి. ఉన్న ఊపిరంతా కూడదీసుకుని అరిచాడు. చొంగ గడ్డం మీదుగా కారింది.

"ఇప్పుడేమంటున్నారు?"

భారతీదేవి పైట చెంగుతో అతని మూతి తుడిచింది.

"మీరు చల్లగా ఉండాలంటున్నారు."

సూసన్ కళ్లు చెమర్చాయి. అతని చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని, ఇంత మంచి భర్త ఎంతమందికి దొరుకుతాడమ్మా అంది.

బుల్లిబాబుకి ప్రతి మాటా స్పష్టంగా వినిపించింది.