తలుపు దగ్గరి తడి

చెప్పులు గేటు బయట విడిచి, సున్నపు నీళ్ళలో పాదాలు ముంచి, సుశీల వట్టి కాళ్ళతో కోళ్ళషెడ్డులోకి దిగింది. పరిచిన వరిపొట్టులో చెమ్మ ఎక్కడుందో రబ్బరు బూటుకేం తెలుస్తుంది? తూంకుంట, శామీర్‌పేట షెడ్లలో ఇరవై రెండేళ్ళు అరిగిన పాదాలకు తెలుస్తుంది. తడి ఉన్నచోట కంటికి కనబడని పురుగు పెరుగుతుంది. అది పేగులో చేరితే రెట్ట నీళ్ళలా పడుతుంది, రెండు రోజుల్లో కోడి తల వాల్చేస్తుంది.

మూడు రోజుల్లో తొమ్మిది పోయాయి. షెడ్డు యజమాని జైపాల్ నిన్ననే చెప్పాడు. "రేపు పొద్దుమీకిందాంక సూస్త సుశీలక్కా. ఆగకుంటె నీళ్ళల్ల మందు కలుపుడే."

మందు లేకుండా ఈ బ్యాచ్ పెంచుదామని పోరింది సుశీలే. అంతకుముందు, జబ్బు ఉన్నా లేకున్నా, ప్రతి బ్యాచ్‌కూ తన చేత్తోనే కలిపేది. నిరుడు భర్త బాలేష్ కాలిపుండుతో ఆస్పత్రిలో పడితే ఏ మందూ పట్టలేదు. విచ్చలవిడిగా వాడితే పురుగులు మందుకు మొండికేస్తాయన్నాడు డాక్టరు. బాలేష్ పోయాడు. ఆ పుండుకూ ఈ షెడ్డుకూ లంకె ఉందో లేదో ఆమెకు తెలియదు. అయినా అప్పట్నుంచి మందు డబ్బా ముట్టుకోవడానికి చేయి రాలేదు.

మధ్యాహ్నం దాకా పొట్టు తిరగేసింది. నీటి గొట్టాలు విప్పి కడిగింది. తలుపు దగ్గర తప్ప ఎక్కడా చెమ్మ లేదు. తల వాల్చిన కోళ్ళన్నీ అక్కడివే. పైకప్పు చూసింది, గొట్టం చూసింది, చివరికి గడప చూసింది.

అన్నం పెట్టే చోటు కదా, వాకిలి బోసిగా ఉండకూడదని రోజూ తెల్లారగానే ఇంటి ముందు చల్లినట్టే ఇక్కడా సానిపి చల్లేది. ఆ పేడనీళ్ళే గడప కింద నుంచి లోపలికి పారుతున్నాయి. మందు నడిచినన్నాళ్ళూ ఈ తప్పు కప్పబడిపోయింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. సుశీల పట్టింది, దొంగ తనే.

ఏడుపొచ్చింది కానీ ఏడ్చే తీరిక లేదు. తడిపొట్టు తట్టలకెత్తి దూరంగా పారబోసింది. నేల మీద పొడిసున్నం చల్లి కొత్త పొట్టు పరిచింది. జబ్బు కోళ్ళను వేరే గదిలో పెట్టింది.

సాయంత్రం జైపాల్ మందు డబ్బా పట్టుకునే వచ్చాడు.

"తప్పు నాది పటేలా. గీడ సానిపి జల్లింది నేనే. కోళ్ళు సచ్చింది మందు లేక గాదు," అంది సుశీల.

జైపాల్ వంగి గడప చూశాడు. "కొనేటోళ్ళు రేపొస్తరు. కోళ్ళెందుకు సచ్చినయంటె ఏం జెప్పాలె? షెడ్డు కాడ పెండనీళ్ళు జల్లే మనిషి ఉన్నదంటె వాపస్ పోతరు."

"నన్ను తీసేసిన అని చెప్పు. మందు మాత్రం కలపకు."

జైపాల్ డబ్బా తీసుకెళ్ళి బండిలో పెట్టేశాడు.

సుశీల మిగిలిన వరుసలో పొట్టు కూడా తిరగేసింది. తలుపు దగ్గరి కోళ్ళు మేతలో ముక్కు పెట్టాయి. పొద్దుగూకేదాకా ఒక్కటీ పోలేదు. ఆమెకు కొంచెం గర్వంగానే అనిపించింది. రేపటి నుంచి రానని చెప్పి జైపాల్‌కు దండం పెట్టి, ఆటో కోసం కరీంనగర్ రోడ్డు వైపు నడిచిపోయింది.

షెడ్డు కిటికీ గట్టు మీద, పొద్దున తెచ్చుకున్న సద్దిగిన్నె, కట్టిన బట్ట ముడి విప్పకుండానే ఉంది.