సూదికి ముందు సాక్ష్యం

మా బాపు అహరోను మందమర్రి బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆ మొండితనమే నీకూ వచ్చిందే గ్రేసూ అని నన్ను కన్న అవ్వ తిడుతుంది. తిట్టనీ.

బాపుకు దగ్గు ఆగకపోతే కరీంనగర్ తీసుకెళ్లాం. ఊపిరితిత్తిలో క్యాన్సర్ అన్నారు. ఛాతీలో చేరిన నీళ్లు తీసి, గడ్డలోంచి చిన్న ముక్క పరీక్షకు పంపారు. ఆ ముక్కలో ఫలానా జన్యువు మారి ఉంటే, సరిగ్గా దాని మీదే పనిచేసే మాత్ర ఉందట. లేకపోతే కీమో లాంటి వేరే దారి చూస్తారట. ఏది ఇవ్వాలో ఆ పరీక్షే చెప్పాలి.

నీళ్లు తీశాక బాపుకు ఊపిరి సులువుగా ఆడింది. ఆదివారం చర్చిలో తమకు జరిగిన మేళ్లు చెప్పుకునే సాక్ష్యాలప్పుడు లేచి, దేవుడు తనను ముట్టాడు, రోగం పోయింది అని చెప్పేశాడు. సంఘమంతా చప్పట్లు కొట్టి స్తోత్రం చెప్పింది. అవ్వ సంతోషంతో ఏడ్చింది. నేను మాత్రం చప్పట్లు కొట్టలేదు.

మర్నాడే ఆసుపత్రి నుంచి ఫోను. పంపిన ముక్క పరీక్షకు చాలలేదట, మళ్లీ సూదితో తీయాలట, ఆలస్యం చేయొద్దట. బాపు రానన్నాడు. దేవుడి ఎదుట చెప్పిన మాట అబద్ధమవుతుందన్నాడు. అవ్వ బతిమాలింది. పాస్టరుగారు ఇంటికొచ్చి, వైద్యుణ్ని ఇచ్చింది కూడా దేవుడేనని నచ్చజెప్పారు. గోడకు చెప్పినట్టే అయింది. నాకు ఒళ్లు మండింది. ఒక మాట నిలబెట్టుకోవడానికి మా బాపు చచ్చిపోతానంటే చూస్తూ ఊరుకుంటానా?

తర్వాతి ఆదివారం సాక్ష్యాలు అనగానే నేను లేచాను. అవ్వ కొంగు పట్టి గుంజింది. విదిలించుకున్నాను.

"మా బాపు రోగం పోలే. నీళ్లు తీసిండ్రు, దమ్ము ఆడుతుంది, గంతే. మళ్ల సూది ఏస్తేనే ఏ మందు పడ్తదో తెలుస్తది. రమ్మంటే వస్తలేడు. మీరందరు చప్పట్లు కొట్టిండ్రు గదా, గిప్పుడు మీరే చెప్పుండ్రి."

నలుగురిలో బాపు పరువు తీశానని నాకు తెలుసు. ఇక నా మొహం చూడడేమో అని భయమేసింది, అయినా కూర్చోలేదు.

బాపు బెంచీ పట్టుకుని మెల్లగా లేచాడు.

"నా బిడ్డ అబద్ధం చెప్పది," అన్నాడు. "సాక్ష్యం కోసం కాదు నేను ఆగింది. బాయిల కప్పు కూలిననాడు సుత గింత భయపడలే. గా మందుగోలి నాకు పనికిరాదని తేలుతదేమో. తేలనంతసేపు జర ఆశన్న ఉంటది గదా."

నా కోపమంతా ఎటు పోయిందో. దగ్గరికి వెళ్లి ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"తేలితే తేలనీ బాపు. ఇంకో మందు అడుగుదాం. నిన్నైతే ఇడిచిపెట్ట."

బాపు నా వైపు వంగాడు. నాకు మాత్రమే వినబడేలా అన్నాడు.

"రేపు పోదాం. సూది ఏసేటప్పుడు నువ్వు పక్కన్నే ఉండు బిడ్డా."