ఫ్లోరా కోసం గీసిన పేజీ

బాబురావు బొమ్మలు గీసి బతికే మనిషి. దర్యాగంజ్‌లో అచ్చయ్యే ‘గుబ్బారా’ అనే హిందీ పిల్లల మాసపత్రికలో ఏనుగులకు టోపీలు పెట్టడం, ఎలుకల చేత సైకిలు తొక్కించడం అతని ఉద్యోగం. రేపల్లెలో రైలెక్కి ఢిల్లీ వచ్చి పాతికేళ్ళు దాటినా, అతను హిందీలో బేరమాడితే లక్ష్మీ నగర్ కూరగాయల భయ్యా ఇప్పటికీ మొహం పక్కకు తిప్పుకుని నవ్వుతాడు. బొమ్మలకు భాషతో పనిలేదు కాబట్టి నెట్టుకొచ్చాడు.

పత్రికలో పిల్లలు ముందుగా తిప్పే పేజీ కూడా అతనిదే. పక్కపక్కన రెండు బొమ్మలుంటాయి. చూడగానే రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ, రెండోదాంట్లో ఏడు తేడాలు దాగి ఉంటాయి. ఒక చొక్కాకు బొత్తాం ఉండదు, ఒక పిల్లి మీసం పొట్టిదవుతుంది, టీ కెటిల్ మూత మీద బుడిపె మాయమవుతుంది. వాటిని వెతికి పట్టుకోవడం పిల్లల పని. పట్టుకోలేకపోవడం వాళ్ళ నాన్నల పని.

పిల్లలకంటే ముందు ఆ పేజీ చూసేది అతని భార్య ఫ్లోరా. ఆమె ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, మగవాళ్ళ వార్డులో సీనియర్ సిస్టర్. గుమ్మంలో నిలబడి ఏ మంచం దగ్గర సెలైన్ నెమ్మదించిందో చెప్పగల కళ్ళు ఆమెవి. వాళ్ళకు పిల్లలు కలగలేదు. ఆ లోటు గురించి మాట్లాడుకోవడం ఏనాడో మానేశారు గానీ, నెలనెలా ఆ పేజీ తయారైన రోజున మాత్రం ఆ ఇంట్లో ఎవరో చిన్నపిల్లలు ఉన్నట్టే ఉండేది. డ్యూటీ నుంచి వచ్చి, టీ గ్లాసు పక్కన పెట్టుకుని, ఎర్ర పెన్సిలుతో ఆమె సున్నాలు చుట్టేది. అతను ఎదురుగా కూర్చుని ఓడిపోవడానికి సిద్ధంగా ఉండేవాడు.

“ఏమండీ, ఈ కుర్రాడి కుడికాలికి చెప్పు లేదు. ఇది తేడానా, మీ పరధ్యానమా?” అనేది.

చాలాసార్లు పరధ్యానమే. అతను నాలుక్కరుచుకుని చెప్పు తొడిగేవాడు. ‘అన్నీ ఉన్నాయి, పంపించెయ్యండి’ అని ఫ్లోరా అన్నాకే పేజీ దర్యాగంజ్ చేరేది.

2006లో, వానాకాలం సంచిక వచ్చిన కొద్దిరోజులకు సంపాదకురాలు కుసుమ్‌జీ అతన్ని పిలిచి బల్ల మీద ఉత్తరాల కట్ట పెట్టింది. ఏడు తేడాలని అచ్చువేశారు, ఆరే ఉన్నాయని అన్నింటిలోనూ ఒకటే గోల. కాన్పూరు పిల్లవాడొకడు ఏడోదాని కోసం వెతికి వెతికి ఏడ్చాడట, వాళ్ళమ్మ రాసింది.

“పిల్లలు మనకంటే శ్రద్ధగా చూస్తున్నారు బాబురావ్‌జీ” అని కుసుమ్‌జీ నవ్వేసింది.

అతనూ నవ్వాడు. గాలిపటం తోక మార్చాలనుకుని మరిచిపోయాడు. అతను మరిచిపోవడంలో వింతేమీ లేదు. ఫ్లోరా పట్టుకోకపోవడమే వింత.

ఇంటికెళ్ళి ఆట పట్టించబోయాడు. “ఏం సిస్టర్ గారూ, ఈసారి గాలిపటం మీ కళ్ళు కప్పిందే” అన్నాడు.

“ఏడూ చూశాను కదండీ” అంది ఫ్లోరా, కూర కలుపుతూనే.

“ఏవీ, చూపించు.”

ఆమె చెయ్యి తుడుచుకుని వచ్చి పుస్తకం అందుకుంది. చాలాసేపు చూసింది. వేలు పెట్టి మూడు చూపించింది. అందులో రెండు అసలు తేడాలే కావు. బాబురావు పుస్తకం మూశాడు. ఆ వానాకాలం పేజీని ఆమె చూసిన సాయంత్రం గుర్తుచేసుకున్నాడు. సున్నాలేమీ చుట్టకుండానే ‘పంపించెయ్యండి’ అంది. తొందరలో అతను పట్టించుకోలేదు.

“కళ్ళజోడు మార్చాలి” అంది ఆమె.

మార్చారు. కొత్త కళ్ళజోడుతో సూదిలో దారం ఎక్కించగలిగింది. తేడాలు మాత్రం కనబడలేదు. పైగా చెప్పిన మాటే మళ్ళీ చెప్పడం మొదలుపెట్టింది. ఒకరోజు ఆసుపత్రి నుంచి వస్తూ, ఏళ్ళ తరబడి దిగుతున్న స్టాపు దాటిపోయి ఎక్కడో దిగి, ఆటో అతనికి ఇంటి గుర్తులు చెప్పలేక ఏడుపు మొహంతో ఫోన్ చేసింది. డాక్టరుకు చూపిద్దామంటే మండిపడింది.

“రోజూ డాక్టర్ల మధ్యే ఉంటాను. నాకేమన్నా అయితే నాకు తెలీదా? కావాలంటే వచ్చే నెల పేజీ ఇవ్వండి. అన్నీ పట్టానంటే ఇక ఈ మాట ఎత్తకూడదు.”

పందెం వేసిందే గానీ ఆమె గొంతు వణికింది. ఆ వణుకు విన్నవాడు ఇంకెలా చేస్తాడు? మరుసటి నెల బాబురావు రెండు పేజీలు గీశాడు. ఒకటి పత్రికకు. రెండోది ఫ్లోరాకు. ఫ్లోరా పేజీలో సూర్యుడిని తీసేశాడు, ఆవు ఉన్నచోట ఒంటెను పెట్టాడు, ఇంటికి తలుపే లేకుండా చేశాడు. గుడ్డివాడు కూడా తడిమి చెప్పగల తేడాలు. ఆమె టీ చల్లారకముందే అన్నీ చుట్టేసి, పెన్సిలు బల్లమీద కొట్టి, “ఇప్పుడు చెప్పండి, ఎవరికండీ మతిమరుపు?” అంది. ఆ రాత్రి వంటింట్లో సండేస్కూలు పాటలు పాడుకుంది. ఆ పాటలు ఆ ఇంట్లో వినబడి చాలా రోజులైంది. బాబురావుకు ప్రాణం లేచొచ్చింది.

అంతే, అది అలవాటైపోయింది. నెలకు రెండు పేజీలు. తను చేస్తున్నది తప్పని తెలియక కాదు. ఆమె ఇంట్లో కూర్చునే మనిషైతే ఈ అబద్ధంతో ఎవరికీ నష్టం లేదు. కానీ ఆమె పొద్దున లేచి, తెల్లచీర కట్టుకుని, ముప్ఫై మంది రోగులకు మందులివ్వడానికి వెళ్తోంది. ఆ సంగతి మనసులోకి వచ్చినప్పుడల్లా బాబురావు కుంచె కడుక్కునే వంకతో లేచిపోయేవాడు. ఫ్లోరాకు ఉద్యోగమంటే జీతం కాదు. వార్డులో ‘సిస్టర్’ అని ఎవరైనా పిలిస్తే తిరిగే ఆ తిరగడంలోనే ఆమె ఉంది. దాన్ని ఆమె చేతుల్లోంచి లాక్కునేది తనే కావాలా అని అతని బాధ.

జనవరిలో ఒక ఆదివారం చర్చిలో తెలుగు ఆరాధన అయ్యాక, ఫ్లోరా వార్డులోనే పనిచేసే నర్సు పెర్సిస్, వాళ్ళిద్దరితోపాటు ఇంటికొచ్చింది. నరసాపురం పిల్ల, ఫ్లోరా దగ్గరే పని నేర్చుకుంది. భోజనం చేసి వెళ్తూ బాబురావును మెట్ల దగ్గర ఆపింది.

“అంకుల్, ఒక మాటండి. ఆంటీ ముందు చెప్పలేను.” తల దించుకునే చెప్పింది. “గురువారం ఆరో మంచం ఆయనకి చెయ్యాల్సిన షుగర్ ఇంజెక్షను పట్టుకుని తొమ్మిదో మంచం దగ్గరికెళ్ళిపోయారు. ఆయనకి షుగరే లేదండి. సూది గుచ్చబోతుంటే నేను చెయ్యి పట్టుకున్నాను.”

బాబురావు పైకి, డాబా వైపు చూశాడు.

“దసరా ముందు నుంచీ ఆంటీ వెనకాలే తిరుగుతున్నానండి. ఆవిడ ట్రే సర్దాక నేను మళ్ళీ సర్దుతున్నా. వచ్చేవారం నన్ను వేరే వార్డుకేస్తున్నారు. ఇంక వెనకాల ఎవరూ ఉండరు అంకుల్. మీకు ఇంట్లో ఏమీ తెలియట్లేదా?”

“అలసట అనుకున్నానమ్మా” అన్నాడు. ఆ పిల్ల మొహం చూడలేకపోయాడు.

పైకొచ్చేసరికి ఫ్లోరా డాబా మీద ఎండలో చాపేసుకుని కమలాపండు ఒలుస్తోంది. ఢిల్లీలో జనవరి ఎండంటే వదులుకోబుద్ధి కాదు.

“పెర్సిస్ ఏమంటోంది మెట్ల దగ్గర?” అని అడిగింది.

ఒక్కోసారి ఆ కళ్ళు మునుపటిలాగే ఉండేవి. అతను చాప అంచున కూర్చుని, పెర్సిస్ అన్నదేదీ దాచకుండా చెప్పాడు. ఫ్లోరా మొహం ఎర్రబడింది.

“దానికి నరం దొరకబుచ్చుకోవడం నేర్పింది నేను. నా మీద మీకు చాడీలా? నాకే మతి లేకపోతే మీ పేజీలు ఎలా పడుతున్నానండీ? మొన్న కూడా టీ తాగేలోపు అన్నీ చూపించానా లేదా? మీరే సాక్ష్యం. చెప్పండి.”

బాబురావు అవునని తల ఊపితే చాలు, ఆ రోజు గడిచిపోతుంది. ఊపాలనే అనిపించింది. ఊపబోయాడు కూడా. కానీ తొమ్మిదో మంచం మనిషి, ఎవరో ఏమిటో తెలియని మనిషి, దుప్పటి కప్పుకుని చెయ్యి చాపి పడుకున్నట్టు కళ్ళకు కట్టింది. సిస్టర్ వస్తే చెయ్యి చాపుతారు కదా ఎవరైనా. అతను లేచి కిందికెళ్ళి రెండు కాగితాలు తెచ్చి ఆమె ముందు పరిచాడు.

“ఇది నీకిచ్చింది” అన్నాడు. “ఇది పత్రికలో వచ్చింది.”

ఒకదాంట్లో ఆవు, ఒంటె. రెండోదాంట్లో తిరునాళ్ళు, రంగులరాట్నం, వందమంది జనం. ఫ్లోరా ఆవునీ ఒంటెనీ కొంచెంసేపు చూసింది.

“ఇది పాలు తాగే పిల్లలకి వేసినట్టుంది” అంది.

అతను కాగితం మీద పడ్డ కమలాతొక్కను ఏరేశాడు.

“ఎన్నాళ్ళ నుంచి?”

“కొత్త కళ్ళజోడు వచ్చిన దగ్గర్నుంచీ.”

ఆమె కమలాతొనలు పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, తిరునాళ్ళ బొమ్మను ఒళ్ళోకి తీసుకుంది. వెతికింది. ఎండ చాప మీద నుంచి పిట్టగోడ మీదికి జరిగింది. పక్కింటావిడ ఆరిన బట్టలు తీసుకుని వెళ్ళిపోయింది. ఫ్లోరా పెదాలు కదులుతున్నాయి, కన్ను ఈ బొమ్మ మీంచి ఆ బొమ్మ మీదికి వెళ్ళేలోపు చూసింది జారిపోతోంది. బాబురావు ఎన్నో బొమ్మలు గీశాడు గానీ, తన గీత ఒకరిని ఇంత కష్టపెట్టగలదని అనుకోలేదు. ఆమె చేతిలోంచి ఆ కాగితం లాగి చించెయ్యాలనిపించింది.

“మీరు చూపించండి” అంది చివరికి.

అతను వేలుపెట్టి ఒక్కొక్కటే చూపించాడు. మొదటి రెండింటికి “నిజమే” అంది. తర్వాత వాటికి ఊరికే తల ఊపింది. ఆమెకు కనబడలేదని అతనికి తెలిసిపోయింది. డాక్టరు చెప్పింది అర్థంకాని రోగి మర్యాద కోసం ఊపినట్టుగా ఉంది ఆ ఊపడం. బాబురావు ఇక ఆగలేకపోయాడు. యాభై ఆరేళ్ళ మనిషి, చాప మీద మొహం దాచుకుని ఏడ్చాడు. ఫ్లోరా ఏడవలేదు. అతని వీపు మీద చెయ్యి వేసి ఉంచింది.

“పెర్సిస్ కూడా మీలాగే చేసిందన్నమాట, నాకు తెలియకుండా. పాపం, తన పనీ చేసుకుని, నా పనీ చేసుకుని” అంది. “ఆ తొమ్మిదో మంచం ఆయనకి ఏమన్నా అయ్యుంటే?” అని అడిగింది.

బాబురావు లేచి కూర్చుని మొహం తుడుచుకున్నాడు.

“నేను అడిగాననే కదండీ గీశారు. మిమ్మల్ని ఏమంటాను” అంది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది. తుడిచిందే తుడిచింది. “రేపు పొద్దున్నే మేట్రన్‌గారి దగ్గరికి వెళ్దాం. మానేస్తానని నేనే చెప్తాను. మీరూ రండి.”

“వస్తాను” అన్నాడు బాబురావు.

“అక్కడికెళ్ళాక ఎందుకొచ్చామో నేను మర్చిపోతే మీరే చెప్పండి. నా మొహం చూసి, ఆ ఒంటె బొమ్మలా తేలిక చెయ్యకండి.”